పాస్టరు సైకిలెక్కి తిరునాళ్ళకు పోతే...

సీమలో ఎండాకాలం ఎప్పుడు అయిపోతుంది? ఫోన్లో వెతికితే జూన్ అని వస్తుంది. ఉరవకొండ బస్టాండు దగ్గర ఏ రైతునైనా అడిగి చూడండి. "వాన పడిన్నాడు సార్" అంటాడు. ఆయన లెక్కే కరెక్టు. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల చిల్లర. అన్ని నెలల్లోకీ ఎక్కువ పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. జూన్‌లో రెండు జల్లులు పడి ఆశ పెట్టడం, జులై అంతా గాలి తోలడం, ఆగస్టులో మబ్బులు ఊరికే వచ్చి చూసి పోవడం మాకు మామూలే.

కాబట్టి మా దగ్గర 'ఎండాకాలం చివర' అంటే ఒక వారం, రెండు వారాలు కాదు. వైశాఖంలో మొదలై శ్రావణం దాకా సాగుతుంది. ఈసారి ఆ నెలలన్నీ సెలవు దొరికినప్పుడల్లా నేను రెండే పనులు చేశాను. సైకిల్ తొక్కాను, తిరునాళ్ళకు పోయాను.

ఇందులో వింతేముంది అంటారా? నేను పాస్టర్ని. ఇంకా చెప్పాలంటే చాప్లిన్ని.

చాప్లిన్ అంటే ఎవరు?

చార్లీ చాప్లిన్ కాదు. ఆసుపత్రి, కాలేజీ, జైలు, సైన్యం లాంటి చోట్ల ఉండే పాస్టర్నో ఫాదర్నో చాప్లిన్ అంటారు. నాకు గుడి గంటా, ఆదివారం ప్రసంగమూ తక్కువ. వార్డులో మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం ఎక్కువ. ఆపరేషన్‌కు ముందు రోజు భయపడేవాళ్ళు, బిల్లు చూసి బెంగపడేవాళ్ళు, కొడుకు ఫోన్ ఎత్తడం లేదని ఏడ్చే అవ్వలు... వాళ్ళ పక్కన ఉండటమే నా ఉద్యోగం. వాళ్ళది ఏ మతమని అడగం. అడగకూడదు కూడా.

ఈ మాట వెనక ఒక కథ ఉంది. 4వ శతాబ్దంలో మార్టిన్ అని ఒక రోమన్ సైనికుడు ఉండేవాడు. ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఆమియాఁ అనే ఊరి ద్వారం దగ్గర, గడ్డకట్టే చలిలో, ఒంటి మీద బట్ట లేని బిచ్చగాడు కనబడ్డాడు. మార్టిన్ దగ్గర పైసా లేదు. కత్తి తీసి, తాను కప్పుకున్న దుప్పటి లాంటి అంగీని రెండుగా కోసి సగం అతనికి ఇచ్చాడు. ఆ తర్వాత మార్టిన్ బిషప్ అయ్యాడు. ఆ అంగీని ఫ్రాంకు రాజులు భద్రంగా దాచుకున్నారు. లాటిన్‌లో ఆ చిన్న అంగీ పేరు 'కప్పెల్లా'. దాన్ని కాపాడే గురువులను 'కప్పెల్లాని' అన్నారు. చాపెల్, చాప్లిన్ రెండు మాటలూ అందులోంచే వచ్చాయి.

అంటే నా ఉద్యోగం పేరులోనే సగం దుప్పటి ఉంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కంటికి కనపడని ఎత్తు

బస్సులో పోయేవాళ్ళకు అనంతపురం నుంచి ఉరవకొండ దాకా నేల పళ్ళెంలా చదునుగా కనిపిస్తుంది. సైకిలెక్కితే అసలు రంగు తెలుస్తుంది. అనంతపురం సముద్రమట్టానికి దాదాపు 335 మీటర్ల ఎత్తులో ఉంటే ఉరవకొండ 450 దాటుతుంది. సుమారు 50 కిలోమీటర్ల దారి, నూరు మీటర్లకు పైగా ఎక్కుడు. కంటికి తెలియదు గానీ మోకాళ్ళకు బాగా తెలుస్తుంది.

దారి పొడవునా కొండలు మాత్రం వేరే రకం. ఎక్కడో ఒకచోట ఉన్నట్టుండి నేలలోంచి పైకి లేచిన రాతిగుట్టలు. ఉరవకొండ పేరే అట్లా వచ్చింది. ఊరి పక్కన కొండ పడగ విప్పిన పాములా ఉంటుంది. ఉరగం అంటే పాము. 'ఉరగకొండ' కాలక్రమంలో ఉరవకొండ అయిందని చెబుతారు. పొద్దున్నే ఎండ పక్కనుంచి పడ్డప్పుడు చూస్తే పడగ స్పష్టంగా కనిపిస్తుంది. మధ్యాహ్నం చూస్తే ఏమీ కనపడదు, కళ్ళు మాత్రం మండుతాయి.

అసలు కష్టం ఎక్కుడు కాదు, గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి ఆగకుండా తోలుతుంది. ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప చుట్టూ అన్ని గాలిమరలు ఊరికే నాటలేదు. బళ్ళారి వైపు తొక్కితే ఎవరో ఎదురుగా నిలబడి ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపుతున్నట్టు ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి నెట్టుకొస్తుంది. సైకిల్ తొక్కేవాళ్ళకు ఒక చిట్కా. గాలిమర ఫ్యాను మొహం ఎటు తిరిగి ఉంటే గాలి అటునుంచి వస్తున్నట్టు. యాప్ అక్కర్లేదు. పోయేటప్పుడు ఎదురుగాలి ఉండే దారి ఎంచుకుంటే, అలసిపోయి వచ్చేటప్పుడు అది సాయం చేస్తుంది.

రాత్రి డ్యూటీలో ఒక ప్రాణం పోవడం చూశాక, ఇంటికి పోయి పడుకుంటే నిద్ర రాదు. ఇరవై కిలోమీటర్లు ఆ గాలిలో తొక్కితే వస్తుంది. నేను సైకిల్ కొన్నది అందుకే.

పెన్నహోబిలం: "బస్సుకు దుడ్డు లేవా?"

ఉరవకొండకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో పెన్నహోబిలం. పెన్న ఒడ్డున లక్ష్మీనరసింహస్వామి గుడి. స్వామి ఒక పాదం అహోబిలంలో, ఇంకో పాదం ఇక్కడ మోపాడని స్థలపురాణం. ఆ పాదముద్ర మీదే గుడి కట్టారంటారు. అయిదడుగుల మూడంగుళాల పాదం. వైశాఖంలో బ్రహ్మోత్సవాలు, రథం.

పెన్న మాత్రం చాలా రోజులు ఇసుకే. నంది కొండల్లో పుట్టి నెల్లూరు దగ్గర సముద్రంలో కలిసేలోపు 600 కిలోమీటర్లకు కాస్త తక్కువ నడుస్తుంది. అందులో ఎన్ని రోజులు నీళ్ళతో నడుస్తుందనేది వేరే లెక్క. పక్కనే ఉన్న రిజర్వాయర్లో కనిపించే నీళ్ళు ఎక్కువగా తుంగభద్ర నుంచి ఎగువ కాలువలో వచ్చినవి. ఇంకో నది నుంచి తెచ్చుకుంటే తప్ప మా నదికి దాహం తీరదు.

తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరితే వెలుగు వచ్చేసరికి అక్కడ ఉన్నాను. రథం రోజు జనం ఎడ్లబండ్ల మీద, ట్రాక్టర్ల మీద, ఆటోల మీద వస్తూనే ఉన్నారు. బొరుగులు అమ్మే ఒక అవ్వ నా హెల్మెట్ వైపు వింతగా చూసింది.

"యాడ్నుంచి వస్తివి నాయనా?"

"ఉరవకొండ నుంచి అవ్వా. సైకిల్ మీద."

"అయ్యో, బస్సుకు దుడ్డు లేవా?"

ఉన్నాయని చెప్పినా నమ్మలేదు. అయిదు రూపాయల బొరుగులకు పది రూపాయల బొరుగులు పోసి, పైన ఇంత బెల్లం పెట్టింది. "తిని పో. ఎండ ముదరక ముందే ఇల్లు చేరుకో" అని చెప్పింది. ఆ అవ్వకు నేను పాస్టర్నని తెలీదు. తెలిసినా బొరుగులు తగ్గించేది కాదని నా నమ్మకం.

ఇదే బళ్ళారి ప్రాంతంలో 1810లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ పని మొదలుపెట్టాడు. 19వ శతాబ్దపు మిషనరీలకు తిరునాళ్ళు కొత్త కాదు. జనం గుమికూడే చోటు కాబట్టి కరపత్రాలు పంచడానికి, ప్రసంగించడానికి పోయేవాళ్ళు. వాళ్ళు అక్కడ మాట్లాడటానికి పోయారు. నేను వినడానికి పోయాను. వార్డులో నా పని కూడా అదే కదా.

గూగూడు: దాహం కథ

మొహర్రం చాంద్రమానం ప్రకారం వస్తుంది. ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది. ఈసారి అది మా పొడవాటి ఎండాకాలంలోనే పడింది. నార్పల మండలం గూగూడు కుళ్ళాయిస్వామి పీర్ల పండగ గురించి సీమలో తెలియనివాళ్ళు ఉండరు. ఉరవకొండ నుంచి దూరం ఎక్కువే. అందుకే ముందురోజు అనంతపురం చేరి, అక్కడినుంచి పొద్దున్నే తొక్కాను.

కుళ్ళాయి అంటే టోపీ. కుళ్ళాయప్ప, కుళ్ళాయమ్మ అనే పేర్లు మా జిల్లాలో హిందువుల ఇళ్ళలోనూ మామూలే. పీర్లకు చదివింపులు చేయించేవాళ్ళలో, అగ్నిగుండం చుట్టూ నిలబడేవాళ్ళలో ఎవరు ఏ మతమో చూస్తే తెలీదు. తెలుసుకోవాలని ఎవరూ అనుకోరు. ఈ పండగ మీద మన తెలుగు కవి, పరిశోధకుడు అఫ్సర్ మొహమ్మద్ ఇంగ్లీషులో ఏకంగా ఒక పుస్తకమే రాశారు. 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. అంటే మనం రీల్ తీసి వదిలేసే దాన్ని అక్కడ క్లాసులో చదువుతున్నారు.

నన్ను ఆపింది కర్బలా కథ. క్రీ.శ. 680లో ఇమామ్ హుస్సేన్‌ను, ఆయన కుటుంబాన్ని కర్బలా మైదానంలో చుట్టుముట్టి, పక్కనే యూఫ్రటీస్ పారుతున్నా నీళ్ళు అందకుండా చేశారు. పిల్లలు దాహంతో అల్లాడారు. ఈ కథను ఏ నైలు ఒడ్డునో వింటే ఎట్లా ఉంటుందో నాకు తెలీదు. ట్యాంకరు వచ్చిందంటే బిందెలు పట్టుకుని పరిగెత్తిన ఊళ్ళో వింటే మాత్రం పదమూడు వందల ఏళ్ళ నాటి కథలా అనిపించదు. వచ్చినవాళ్ళకల్లా చల్లటి నీళ్ళు, షర్బత్ ఇవ్వడం ఇక్కడ ఎందుకంత ముఖ్యమో అప్పుడు అర్థమైంది. సిలువ మీద ఏసు చెప్పిన ఆఖరి మాటల్లో ఒకటి దప్పిక గురించే. ఒక కుర్రాడు గ్లాసు చేతికిచ్చి "తాగు అన్నా" అన్నాడు. తాగాను.

ముడుపు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నాను.

జులై చివర్లో మా వార్డుకు ఇరవై రెండేళ్ళ అబ్బాయి వచ్చాడు. అఘాయిత్యం చేసుకోబోయాడు. సమయానికి తీసుకురావడంతో ప్రాణం నిలబడింది. ఫోన్లో బెట్టింగ్. ముందు వందలు, తర్వాత వేలు. పోయిన డబ్బు రాబట్టడానికి లోన్ యాప్. లోన్ తీర్చడానికి ఇంకో లోన్ యాప్. ఆఖరికి వాళ్ళమ్మ కమ్మలు.

వజ్రకరూరు దారిలో తొక్కేటప్పుడు నాకు ఎప్పుడూ ఒక దృశ్యం కనిపిస్తుంది. తొలకరి పడగానే దుక్కి చేలల్లో జనం వంగి, నేల మీద చూపు నిలిపి, వజ్రాలు వెతుకుతుంటారు. ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఒక్క రాయి దొరికితే బతుకు మారిపోతుందని ఆశ. అక్కడ కనీసం ఎండ తగిలితే, ఆకలేస్తే ఇంటికి పోతారు. ఫోన్లోని చేనుకు ఎండా లేదు, రాత్రీ లేదు. అది మనిషిని ఇంటికి పోనీయదు.

ఆ అబ్బాయి నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నేను రోజూ పోయి స్టూలు మీద కూర్చునేవాణ్ణి. "ఎందుకు చేశావు" అని అడగలేదు. ఆ ప్రశ్న వాణ్ణి అప్పటికే ముప్పైమంది అడిగి ఉంటారు. అయిదో రోజు మాటల్లేక, నేను ఆ వారం తొక్కిన దారి గురించి చెబుతూ పోయాను. ఎదురుగాలి, పంక్చరు, టైరులో దిగిన కంపముల్లు. పది నిమిషాల తర్వాత వాడి గొంతు వినపడింది.

"గేరు సైకిలా సార్?"

మొదటి మాట అదే. అక్కడినుంచి రోజుకు కొంచెం కొంచెంగా మిగతా అంతా వచ్చింది.

వాళ్ళమ్మ వాడి మంచం దిగి పక్కకు పోయేది కాదు. శ్రావణ మాసం నడుస్తోంది. గుంతకల్లు పక్కన కాసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామికి శ్రావణంలో మంగళవారాలు, శనివారాలు జనం నేల ఈనినట్టు వస్తారు. చాలామంది నడిచే వస్తారు. ఆమెకు ఏటా పోయే అలవాటు. ఈసారి పోలేదు. శుక్రవారం సాయంత్రం నన్ను వరండాలోకి పిలిచింది. పసుపు గుడ్డలో మూట కట్టిన పదకొండు రూపాయలు.

"పాస్టరయ్యా, రేపు ఆపక్కకు సైకిల్ తొక్కుకుంటా పోతానంటిరి కదా. ఈ ముడుపు స్వామి హుండీలో ఏసి రాండి. ఇంకెవురిని అడగల్ల నేను?"

నేను పాస్టర్ని అని ఆమెకు తెలుసు. తెలిసే అడిగింది. ఇంకెవరూ లేక అడిగింది.

తీసుకున్నాను. మరుసటి రోజు చీకటితోనే బయల్దేరాను. పోయేటప్పుడు గాలి సాయం చేసింది. జేబులో ఆ మూట అంత చిన్నది, తొడకు తగులుతూనే ఉంది. కాసాపురంలో సైకిల్ ఒక టీకొట్టు దగ్గర పెట్టి, వరసలో నిలబడి, హుండీలో వేశాను. నేనేమీ అడగలేదు. అడగాల్సింది ఆమె ముందే అడిగేసింది. నేను పోస్ట్‌మ్యాన్‌ని. బయటికొచ్చి ఉగ్గాని, బజ్జీ తిని, ఎదురుగాలిలో ఇంటికి తొక్కాను.

"మీరు హుండీలో డబ్బులేసినారంట?"

ఊరు చిన్నది కదా. తర్వాతి ఆదివారం ఆరాధన అయిపోయాక సంఘపెద్ద ఒకాయన పక్కకు తీసుకుపోయి ఇదే అడిగాడు. కోపంగా కాదు, బాధగా. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. ఆయన తాతలు కులం పేరుతో గుడి బయట నిలబడినవాళ్ళు. ఎన్నో అవమానాలు దాటి ఈ విశ్వాసంలోకి వచ్చారు. "మేము అంత కష్టపడి దాటి వచ్చిన గీతను మీరు సైకిలు మీద పోయి చెరిపేస్తే ఎట్లా?" అన్నది ఆయన మాటల వెనకున్న మాట.

ఆయనకు మార్టిన్ కథ చెప్పాను. మార్టిన్ అంగీ మొత్తం తీసి ఇవ్వలేదు. సగం ఇచ్చాడు. సగం తన ఒంటి మీదే ఉంది. నేను నా విశ్వాసాన్ని కాసాపురం హుండీలో వేసి రాలేదు. అది నా ఒంటి మీదే ఉంది. కొడుకు మంచం వదిలి రాలేని ఒక తల్లికి నా కాళ్ళు ఇచ్చాను, అంతే. నాది నాకు ఉంది కాబట్టే ఇవ్వగలిగాను. ఏమీ లేనివాడు సగం ఎట్లా ఇస్తాడు?

ఈ జిల్లాలో అర్థం కాని విషయమేమీ కాదు ఇది. 1969లో స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడే పనిచేసి, 2009లో ఇక్కడే కన్నుమూశారు. జెస్యూట్ సభను వదిలేసినా జనం ఆయన్ను 'ఫాదర్' అనే పిలిచారు. ఎన్నో ఇళ్ళల్లో దేవుడి పటాల పక్కన ఆయన ఫోటో ఉంటుంది. అక్కడ పెట్టినవాళ్ళెవరూ తమ దేవుణ్ణి మార్చుకోలేదు.

పెద్దాయన పూర్తిగా ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు. కానీ బుధవారం సాయంత్రం వార్డుకు వచ్చాడు. ఆ తల్లికి చపాతీల డబ్బా ఇచ్చి, అబ్బాయి పక్కన అరగంట కూర్చున్నాడు. చేను గురించి మాట్లాడారు. చెనిక్కాయ ఎప్పుడు వేశారు, బోరు ఎన్ని అడుగులు. నేను దూరం నుంచి చూసి పక్క వార్డుకు పోయాను. వాదన గెలవడం కంటే ఆ అరగంట ఎక్కువ అనిపించింది.

మీకు రెండు మాటలు

ఈ కాలమ్ చదివేవాళ్ళలో ఎక్కువమంది పాతికేళ్ళ లోపువాళ్ళని నాకు తెలుసు. మీ ఫ్రెండు ఉన్నట్టుండి గ్రూపులో మాట్లాడటం మానేస్తే, దొరికినచోటల్లా అప్పులు చేస్తుంటే, "ఇంక ఏం లేదులే మామా" అంటుంటే నవ్వి వదిలెయ్యకండి. నీతులు చెప్పకండి. పోయి పక్కన కూర్చోండి. సైకిలు గురించో సినిమా గురించో మాట్లాడండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి కూడా భయపడకండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే వాణ్ణి ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు. ఇప్పుడే సేవ్ చేసుకోండి.

ఇక సైకిలు విషయం. మా వైపు తొక్కాలనుకుంటే తెల్లారకముందే బయల్దేరండి, తొమ్మిదిన్నరకల్లా నీడ చేరండి. రెండు బాటిళ్ళ నీళ్ళు, కాస్త ఉప్పూ నిమ్మకాయ, ఒక స్పేర్ ట్యూబు తప్పనిసరి. కంపముల్లుకు బ్రాండు తేడా తెలీదు. దారిలో మజ్జిగ ఇస్తే వద్దనకండి. ఏ తిరునాళ్ళ తగిలినా ఆగండి. ఎవరి దేవుడని తర్వాత అడగొచ్చు, ముందు బొరుగులు తినండి.

ఆ అబ్బాయి డిశ్చార్జి అయ్యి వారం దాటింది. అప్పు ఇంకా ఉంది, వాళ్ళమ్మ కమ్మలు ఇంకా రాలేదు. వాడి పాత హీరో సైకిలుకు చెయిన్ వేయించుకున్నాడట. వచ్చే వారం ఉరవకొండ కొండ దాకా కలిసి తొక్కుదామని ఫోన్ చేశాడు. ఇది రాస్తున్నప్పటికి ఇంకా వాన పడలేదు.